రక్తమక్క చిన్న బండి

రక్తమక్క మరిదిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను, నేను మెకానిక్‌ని. బండిని పాడుచేసినవాడు నా కంటికి మనిషిగా ఆనడు.

అతని వదిన ఒక ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే ఇళ్ళకు వెళ్ళి, పరగడుపున ఉన్నవాళ్ళ రక్తం తీసి, ఎనిమిదిలోగా ఆ సీసాల డబ్బా ల్యాబుకు చేర్చాలి. వీధి మొత్తానికి ఆమె రక్తమక్క. బస్సుల్ని నమ్ముకుని రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే ఇంట్లోనే కూర్చోమన్నారు. లైసెన్సు చేతికి రాగానే, ఉన్నంతలో చిన్న మోటారుసైకిలు కొనుక్కుంది. గతుకుల సందులకు స్కూటరు కన్నా పెద్ద చక్రాల మోటారుసైకిలే మేలని చెప్పింది నేనే.

కొన్న రోజే షెడ్డుకు తెచ్చింది.

"తమ్ముడూ, దీంతో ఏమవుతుంది, ఏం కాదు? దాచకుండా చెప్పు."

"కాళ్ళు నేలకి ఆనుతాయి. పడినా నువ్వే లేపుకోగలవు. పెట్రోలు పెద్దగా తాగదు. అరవై దాటితే వణుకుతుంది. వంతెన ఎక్కేటప్పుడు గేరు తగ్గించకపోతే మూలిగి ఆగిపోతుంది. లారీల్ని దాటే సరదా పెట్టుకోకు. ఇంజను కొత్తది, కుదురుకునేదాకా మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటకు. ఇద్దరికి మించి ఎక్కకండి. ఇంజనాయిలు చూస్తూ ఉండు."

ఆమె ఇదంతా చీటీ మీద రాసి ట్యాంకుకు అంటించింది. మొదటిరోజు వంతెన మీద రెండుసార్లు ఆగిపోయిందట. వెనక కారువాడు హారను మోగించాడట. వాడి వంశాన్నంతా తలచుకుని మళ్ళీ కిక్కు కొట్టిందట. ఆ తర్వాత ఒక్కరోజూ ఆలస్యం కాలేదు.

మరిదికి పెద్ద బండి ఉంది. దానికి తుడుపులెక్కువ, తిరుగుళ్ళు తక్కువ. "వదినా, ఇది బండా, కుట్టుమిషనా?" అని రోజూ ఎకసెక్కాలు. ఒక ఆదివారం తన బండికి దుమ్ము పడుతుందని, అడక్కుండా ఆమె బండి తీసి, ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని కొండదారి పట్టాడు. సాయంత్రం దాన్ని ట్రాలీలో తెచ్చి నా షెడ్డు ముందు దించాడు. ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేసింది. కబురంది ఆమె కూడా వచ్చింది.

"డొక్కు కొన్నావ్ వదినా. కొండ కూడా ఎక్కదు."

స్పానరు విసిరేవాణ్ణే. ఆమె చీటీ మీద వేలు పెట్టి, "చదువు రాదా?" అంది. నావైపు తిరిగి ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. నాలుగన్నాను.

"అయితే నాలుగు రోజులూ నన్ను నీ బండి మీదే తిప్పు. ఐదున్నరకి గుమ్మంలో ఉండు. మీ అన్నతో చెప్పించమంటావా?"

వచ్చాడు. రాక చస్తాడా! మొదటి సందులోనే ఆ బండి తిరగలేదు. ముందుకీ వెనక్కీ నెట్టి, గోడకు కొట్టి అద్దం విరగ్గొట్టాడు. ఆమె డబ్బాతో దిగి నడిచి, మూడిళ్ళు ముగించుకొచ్చేసరికి ఇంకా అక్కడే చెమటలు కక్కుతున్నాడు. ఎనిమిదికి రెండు నిమిషాలుండగా ల్యాబుకు చేరారు. నేను విని పగలబడి నవ్వాను. జాలి మాత్రం పడలేదు.

ఐదోరోజు బండి అప్పగిస్తూ, "బోరు చేసి కొత్త పిస్టన్ వేశాం కదక్కా, ఇంజను మళ్ళీ కొత్తదే. వెయ్యి మొదట్నించి లెక్కపెట్టుకోవాలి" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. నలభై దాటకుండా ఎనిమిది వందల దాకా తెచ్చిన మనిషి.

విరిగిన అద్దం వేయించుకోవడానికి తన బండి తెచ్చిన మరిది అక్కడే నిలబడి ఉన్నాడు.

"నా అద్దం బజార్లో దొరుకుతుందట. నీ బండి తాళం ఇవ్వు వదినా, మెల్లగానే వెళ్తాలే."

"ఎంత మెల్లగా?"

"నువ్వెంతంటే అంత."

"అయితే నడిచి వెళ్ళు" అని రక్తమక్క కిక్కు కొట్టింది.