నేను నున్నగా తుడిచేసిన చంద్రుడి కొండ

2023లో నేను అరిజోనాలోని చాండ్లర్‌లో ఒక చిన్న త్రీడీ ప్రింటింగ్ షాపులో డిజైన్ ఇంజినీర్‌ని. ప్లాస్టిక్‌ను కరిగించి, పొర మీద పొర పేర్చి, కంప్యూటర్‌లోని బొమ్మను చేతికందే వస్తువుగా మార్చడం మా పని. ఎక్కువగా చిప్ కంపెనీలకు విడిభాగాల నమూనాలు చేసేవాళ్ళం.

ఆ ఏడాది షబానా గారు ఒక చిత్రమైన ఆర్డర్ తెచ్చారు. వాళ్ళ నాన్న కరీం సార్ కర్నూలులో లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఇక్కడికొచ్చాక చూపు పూర్తిగా పోయింది. ఆయన పుట్టినరోజుకి చంద్రుడి మీద ఉన్న ఒక క్రేటర్‌ను, అంటే పెద్ద గుంటను, చేత్తో తడిమి చూసేలా చేసివ్వాలి.

"ఏ క్రేటరండీ?" అన్నాను.

"ఆల్బటెగ్నియస్. అల్ బత్తానీ అని వెయ్యేళ్ళ కిందటి అరబ్ ఆస్ట్రానమర్ ఉన్నారంట. ఆయన పేరునే యూరప్ వాళ్ళు లాటిన్‌లో అట్లా మార్చుకున్నారంట. పప్పా కాలేజీ డాబా మీద టెలిస్కోప్ సెట్ చేసి స్టూడెంట్స్ అందరికీ అదే చూపించేవారు."

చంద్రుడి ఎత్తుపల్లాల కొలతలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటితో మెష్ తయారు చేశాను. చిన్న చిన్న త్రికోణాలతో అల్లిన ఉపరితలాన్ని మెష్ అంటాం. అది గరుకుగా కనిపించింది. మా షాపులో గరుకంటే నాసిరకమనే లెక్క. స్మూతింగ్ అనే కమాండ్‌తో దాన్ని నున్నగా చేశాను. ఇంకాస్త, ఇంకాస్త అంటూ నా కంటికి నచ్చేదాకా ఆపలేదు. చూపులేని మనిషికి చేస్తున్న వస్తువును ఒక్కసారి కూడా తడిమి చూసుకోలేదు, బుద్ధిలేక.

ఆదివారం చర్చి అయ్యాక నేరుగా వాళ్ళింటికి పుట్టినరోజు భోజనానికి వెళ్ళాను. ఇల్లంతా చుట్టాలూ స్నేహితులూ. షబానా గారు "ఇది చేసింది మన సునీల్ గారే" అని అందరికీ పరిచయం చేస్తుంటే ఉబ్బితబ్బిబ్బయ్యాను. కరీం సార్ మోడల్‌ను ఒళ్ళో పెట్టుకున్నారు. వేళ్ళు గట్టు చుట్టూ తిరిగి లోపలికి దిగాయి. మధ్యలో ఆగి అక్కడక్కడే వెతికాయి.

"నడుమ కొండ యాడుంది నాయనా?"

ఆ గుంట మధ్యలో లేచే చిన్న కొండ కొలతల్లో ఉంది. స్మూతింగ్‌లో తుడిచేసింది నేనే. ఆ సంగతి అప్పటికప్పుడు తెలిసిపోయింది, కానీ అంతమందిలో తప్పొప్పుకోవడానికి నోరు రాలేదు.

"అందులో కొండ లేదు సార్. మీరు వేరే క్రేటర్ చూసుంటారు."

"లేదు నాయనా, ఎంతమందికో చూపించినా. ఎండ పడి తెల్లగా మెరుస్తాండె."

"డేటాలో లేదు సార్."

"ఇట్స్ ఓకే పప్పా, మీరే ఏదో మిక్సప్ అయ్యుంటారు" అన్నారు షబానా గారు.

"అట్లే అయ్యుంటాది. చూపుతో పాటు అది గూడ పోయినట్టుంది" అంటూ ఆయన మోడల్‌ను పక్కన పెట్టేశారు. మళ్ళీ ముట్టుకోలేదు.

చూపు పోయాక ఆయనకు మిగిలింది తాను చూసిన చంద్రుడే. దాన్ని కూడా నా పరువు కోసం లాక్కున్నాను. ఇంటికెళ్ళాక మా ఆవిడ ఎలా జరిగిందని అడిగితే ముఖం తిప్పుకున్నాను.

మర్నాడు స్మూతింగ్ లేకుండా మళ్ళీ ప్రింట్ చేశాను. ఈసారి కళ్ళు మూసుకుని తడిమి చూశాను. కొండ వేలికి గుచ్చుకుంటోంది. సాయంత్రం తీసుకెళ్తే కరీం సార్ ఒక్కరే ఇంట్లో ఉన్నారు. ఆయన వేలు కొండ మీదికెక్కి అక్కడే ఆగిపోయింది.

"సార్, నిన్న నేను తెలిసే అబద్ధం చెప్పాను. కొండను తుడిచేసింది నేనే. క్షమించండి."

"రాత్రంతా అదే ఆలోచన నాయనా. లేని కొండను ఇన్నేండ్లు పిల్లోళ్ళకు చూపించినానా అని." తర్వాత మెల్లగా అన్నారు, "నా ఒక్కని దగ్గర చెప్తే సాలదు. నిన్న నన్ను అందరి ముందర తప్పంటివి. వాళ్ళ ముందరే చెప్పు."

నేను చేతులు కట్టుకుని తలూపాను. తలూపితే ఆయనకు కనపడదని గుర్తొచ్చి, "చెప్తాను సార్" అన్నాను.

సంగతి తెలిసి షబానా గారు మరుసటి ఆదివారం అందర్నీ మళ్ళీ పిలిచారు. నిలబడి చెబుతుంటే తల ఎత్తలేకపోయాను. సార్ మోడల్‌ను పక్కనున్నాయన చేతిలో పెట్టి, "కండ్లు మూసుకోని చూడు" అన్నారు. అది ఒకరి తర్వాత ఒకరి చేతుల్లోకి వెళ్ళింది. కొత్త ప్రింట్ ఇచ్చేస్తే తప్పు తీరిపోతుందనుకుని ఆ సోమవారం వెళ్ళినవాణ్ణి. నేను పాడుచేసింది ప్లాస్టిక్‌ను కాదనీ, ఒక మేష్టారి మాటను నలుగురిలో పాడుచేశాననీ ఆరోజు తెలిసింది.