గీకని లైనరు

తిరువూరులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే పీర్‌సాహెబ్ షెడ్డులోంచి మసి అంటిన సామాను బయటికి వెళ్లదు. లైనరు, అంటే పిస్టను ఆడే ఇనుప గొట్టం, పాతదైనా సరే, ఎమిరీ కాగితంతో గీకి కిరోసిన్‌తో కడిగి ఇస్తేనే ఆయనకు తృప్తి.

2004 వేసవిలో కూతురు సాహెరా వరంగల్ నుంచి వచ్చినప్పుడూ అదే చేశాడు. ఆమె అక్కడ ఎం.టెక్. చదువుతోంది. అరిగిన లోహాన్ని వజ్రపు మొనతో నొక్కి, వెంట్రుకకన్నా సన్నగా పడే గుంటను మైక్రోస్కోపులో కొలిచి, పైపొర ఎంత గట్టిదో తేల్చడం ఆమె ప్రాజెక్టు. పొలంలో ఏళ్ల తరబడి ఆడిన ఇంజను లైనరు ఒకటి కావాలని ముందే ఫోన్లో చెప్పింది. సోమవారానికి ముక్క తీసుకెళ్లకపోతే ఆ కొలిచే మిషను మీద ఆమె వంతు పోతుంది, ఆ ఏడాది పట్టా రాదు.

తండ్రి అందించిన లైనరు లోపల అద్దంలా మెరుస్తోంది.

"గీకావా నాన్నా?"

"గీకక? మీ సార్ ముందు మసిగొట్టం పెడతావా ఏంటి?"

"ఆ అరిగిన పొరే నాక్కావాల్సింది. అది పోయింది."

పీర్‌సాహెబ్‌కి పెనుగొలను ఊళ్లో రైతు శాంతయ్య ఇంజను పొగ కక్కుతోందని, కొత్త లైనరు కొని ఉంచుకున్నాడని గుర్తొచ్చింది. కూతురిని మోపెడ్ ఎక్కించుకుని బయల్దేరాడు.

మామిడితోటలో ఇంజను ఆడుతోంది.

"చెట్లు తడిసేదాకా ఆపేది లేదు," అన్నాడు శాంతయ్య.

"ఆగుతాంలే. కొత్తది నేనే వేసిపెడతా. పాతది మాత్రం మసితో సహా నాకియ్యి."

"తుడవకుండానా? ఒంట్లో బాగుందా సాయిబూ?" అని శాంతయ్య సాహెరా వైపు తిరిగాడు. "మసి మీద కూడా చదువుందామ్మా?"

"మసి కింద అరుగుదల మీద ఉంది బాబాయ్."

మధ్యాహ్నానికి లైనరు బయటికొచ్చింది. గ్యాసుతో కోస్తే వేడికి పొర మారిపోతుందని సాహెరా ఒప్పుకోలేదు. ఆమె నీళ్లు పోస్తుంటే, లోపలివైపు వేలు తగలనివ్వకుండా పట్టుకుని పీర్‌సాహెబ్ హాక్సా బ్లేడుతో సాయంత్రందాకా కోశాడు. రాత్రి బస్సుకి ఆమె ముక్కతో వెళ్లిపోయింది.

మరుసటి వారం, కూతురు ఫోన్లో ఉందని బజార్లోని ఎస్టీడీ బూత్ నుంచి పిలుపొచ్చింది.

"పనికొచ్చింది నాన్నా. రాపిడికి పైపొర లోపలికన్నా గట్టిపడింది."

"అంత గట్టిదాన్నా నేను ఇన్నేళ్లూ గీకి పారేసింది?"

"గీకకపోతే పిస్టనుకి వేసే కొత్త రింగులు సరిగ్గా కూర్చోవు కదా."

"అది నాకు నువ్వు చెప్పాలా? మీ సార్ ఏమన్నారో చెప్పు."

"ఇంకో రెండు ఇంజన్లవి కూడా తెమ్మన్నారు. ఈ నెలాఖరుదాకా మిషను నాకే ఇచ్చారు."

ఫోను పెట్టేసి, నెమలి ఊరిదాకా ఎవరెవరి ఇంజన్లు విప్పదీసే స్థితిలో ఉన్నాయో ఆలోచించుకుంటూ షెడ్డు వైపు నడిచాడు.