గురువారం జాబితా

షెల్టర్లో గురువారం పొద్దున ఎవరూ జోకులు వేసుకోరు. మిగతా రోజుల్లో ఆ లోటేమీ ఉండదు. బండి కింద పడ్డ కుక్కలు, ఇల్లు మారేటప్పుడు సామానుతో పాటు సర్దుకోవడం మరిచిపోయిన పిల్లులు, పిల్లల ముచ్చట తీరాక అట్టపెట్టెలో పెట్టి గేటు ముందు వదిలేసిన కుందేళ్ళు, వీటి మధ్య రోజుకి పది గంటలు గడిపేవాళ్ళు నవ్వుకోకపోతే పిచ్చెక్కుతుంది. గురువారం మాత్రం జాబితా ఉంటుంది.

ఆ జాబితా రాసేది పెద్ద డాక్టరు. బాగుపడే దారి లేక నొప్పితో అల్లాడే జంతువులేవో బుధవారం సాయంత్రం బోను బోనుకీ తిరిగి చూసి, కార్డు మీద అడ్డంగా గీత గీసి, కింద సంతకం పెడుతుంది. మర్నాడు పొద్దున వెనకగదిలో వాటికి ఆఖరి ఇంజెక్షను. ఇచ్చేది కూడా ఆవిడే. పధ్నాలుగేళ్ళుగా ఇదే వరస.

నిజానికి ఒక్క ఏడాది పని నేర్చుకుని వెళ్ళిపోదామని వచ్చిన మనిషి. ఇప్పుడు యాభైకి దగ్గర పడింది. కత్తెర పట్టీ పట్టీ కుడి మణికట్టు అరిగిపోయింది, కింద కూర్చుంటే మోకాళ్ళు లేవనంటాయి. వాళ్ళమ్మ చుట్టాలతో "మా అమ్మాయి డాక్టరు" అని చెప్పి అక్కడితో ఆపేస్తుంది. ఎవరో ఒకరు నడుంనొప్పికి మందు అడిగేదాకా ఆ గౌరవం నిలుస్తుంది. ఆ తర్వాత "ఓహో, కుక్కల డాక్టరా" అంటూ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు.

ఆవిడ కింద ఒక చిన్న డాక్టరు ఉంది. ఇరవయ్యారేళ్ళ అమ్మాయి, చదువు పూర్తిచేసి ఏడాది కూడా కాలేదు. ఒక నర్సు, బోనులు చూసుకునేవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో పెద్దావిడని అందరూ పిన్ని అంటారు. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. షెల్టరు కట్టకముందు ఆ స్థలంలో ఉన్న గోడౌనుకి కాపలా ఉండేదట, గోడౌను పోయినా ఈవిడ పోలేదు. జంతువుకి ఇంజెక్షను ఇచ్చేటప్పుడు పట్టుకోవడంలో పిన్నిని మించిన చెయ్యి లేదు. పట్టుకున్నట్టే ఉండదు, ఒళ్ళో పెట్టుకున్నట్టుంటుంది.

ఆ శనివారం నర్సు సెలవు పెట్టింది. ఆడకుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు తొమ్మిది ఉన్నాయి. ఆరోది అయ్యేసరికి తువ్వాళ్ళు అయిపోయాయి. చిన్న డాక్టరు ఏడోదానికి మత్తు ఇస్తోంది. పిన్నిని కేకేస్తే పలకలేదు. చేసేదిలేక పెద్ద డాక్టరే చేతులు కడుక్కుని బట్టలుతికే గదికి బయల్దేరింది. ఆ గదిలో మిషను కరెంటు షాకు కొడుతోందని, ఎవరూ అటు రావద్దని మూడు వారాలుగా పిన్ని ఒకటే హెచ్చరిక. పెద్ద డాక్టరు రబ్బరు చెప్పులు వేసుకుని మరీ వెళ్ళింది.

తలుపు తీస్తే మిషను తన మానాన తను శుభ్రంగా తిరుగుతోంది. బట్టలారేసే తీగకి క్లిప్పుతో ఒక సెలైను సంచి వేలాడుతోంది. దాని గొట్టం మిషను వెనక్కి పోయింది. అక్కడ నాలుగు మడతల దుప్పటి మీద నెరిసిన కనుబొమలతో ఒక ముసలి కుక్క. ముందుకాలికి సూది, సూది మీద కట్టు. కట్టు చివర లోపలికి మడిచి దోపే పద్ధతి పెద్ద డాక్టరుది, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు తప్ప ఈ ఊళ్ళో ఇంకెవరూ అలా కట్టరు. కుక్క తలెత్తి ఆవిడని చూసి తోక రెండుసార్లు నేలకేసి కొట్టింది.

ఆ కుక్క చనిపోయి ఇరవై మూడు రోజులైంది. కార్డు మీద గీత గీసింది తనే.

దాన్ని షెల్టర్లో హెడ్మాస్టరు అనేవాళ్ళు. వచ్చిన రోజునే గుమ్మానికి అడ్డంగా పడుకుని, మొరిగే కుర్రకుక్కల వంక ఆ కనుబొమలెత్తి చూస్తే అవి టక్కున నోరు మూసుకునేవి. రెండో వారానికి తిండి మానేసింది, వాంతులు మొదలయ్యాయి. రక్తం పరీక్ష చేస్తే కిడ్నీల అంకెలు ఆకాశంలో ఉన్నాయి. పళ్ళు చూస్తే పన్నెండేళ్ళకి తక్కువ లేవు. పెద్ద డాక్టరు ముసలి కిడ్నీలు చేతులెత్తేశాయి అనుకుంది. ఆ గురువారం జాబితాలో ఆఖరి పేరు దానిదే. దాని వంతు వచ్చేసరికి ఒక ఇంట్లో బంధించి పెట్టిన ముప్పై ఎనిమిది కుక్కల్ని లారీలో తెచ్చి వాకిట్లో దింపారు. తలప్రాణం తోకకొచ్చింది. "ఇదొక్కటీ నువ్వు పూర్తిచెయ్యి" అని చిన్న డాక్టరుకి సిరంజి ఇచ్చి ఆవిడ బయటికి పరిగెత్తింది. సాయంత్రం కార్డు మీద "పూర్తయింది" అని రాసి ఉంటే మళ్ళీ చూడలేదు.

మిగిలిన మూడు ఆపరేషన్లూ పళ్ళ బిగువున పూర్తిచేసింది. ఆ తర్వాత చిన్న డాక్టర్నీ పిన్నినీ బట్టల గదికి పిలిచింది.

"ఎవరి బుద్ధి ఇది?"

"నాదే" అంది పిన్ని.

"నాది మేడమ్" అంది చిన్న డాక్టరు. "సిరంజి నా చేతిలోనే ఉంది. పిన్ని దాన్ని పట్టుకుంది. అది నా చెయ్యి నాకింది. నావల్ల కాలేదు."

"కాకపోతే నాకు చెప్పాలి. మూడు వారాలు దాన్ని ఇలా బాధపెడతారా? నొప్పి తెలియక తోక ఊపుతుందనుకుంటున్నారా? జాలి అనుకుంటున్నారా దీన్ని?"

ఆవిడ గొంతు అంత పైకి లేవడం వాళ్ళెప్పుడూ వినలేదు. మిషను కూడా అదే సమయానికి ఆగిపోయింది. చిన్న డాక్టరు తల వంచుకునే చెప్పింది.

"ఎలుక జ్వరమేమోనని అనుమానం మేడమ్. అదైతే కిడ్నీలు మందులకి తేరుకుంటాయి. దానికే మందులు వేశాను. ఆ రోజు మీతో అన్నాను కూడా."

"నాతో ఎప్పుడన్నావు?"

"బుధవారం. మీరు కార్డు రాస్తున్నారు. 'ఈ వయసుకి అన్నీ వస్తాయమ్మా' అన్నారు."

పెద్ద డాక్టరుకి అది గుర్తులేదు. అబద్ధమని మాత్రం అనలేకపోయింది. ఆ మాట అచ్చం తన మాటలాగే ఉంది.

"ఎలుక జ్వరమైతే మనుషులకీ అంటుకుంటుంది. తెలుసా?"

"గ్లవ్స్ లేకుండా ముట్టుకోలేదు మేడమ్. నేల రోజూ బ్లీచింగుతో కడిగాం. ఇక్కడికి ఎవర్నీ రానివ్వలేదు."

"అందుకే కరెంటు కొడుతోందన్నా" అంది పిన్ని.

పెద్ద డాక్టరు మోకాళ్ళు ముడిచి కింద కూర్చుంది. చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, చర్మం పట్టి లాగి వదిలింది. తనే రక్తం తీసి, వాళ్ళిద్దరూ వెంట రాగా, ల్యాబు గదిలో పరీక్ష మిషన్లో పెట్టింది. పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ పన్నెండు నిమిషాలూ కాలు గాలిన పిల్లిలా ఆ ఇరుకు గదిలో తిరిగింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, అంకెలు చెడ్డగా రావాలనే కోరుకుంది. చెడ్డగా వస్తే వీళ్ళని నాలుగు తిట్టి, తన దారిన తను పనిచేసుకోవచ్చు.

అంకెలు బాగా వచ్చాయి. పూర్తిగా మామూలు కాలేదు కానీ ఇంకో వారం పది రోజుల్లో అయ్యేలా ఉన్నాయి. కుక్క బతుకుతుంది. ఇంకా రెండుమూడేళ్ళు కుర్రకుక్కల్ని నోరు మూయించగలదు.

చిన్న డాక్టరు మొహం వెలిగిపోయింది. పెద్ద డాక్టరు కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని పిన్ని వైపు తిరిగింది.

"పిన్నీ, నిజం చెప్పు. ఇలా ఇంకెన్ని దాచావు? ఇన్నేళ్ళలో."

"ఇదొక్కటే డాక్టరమ్మా. ఒట్టు. మిగతావాటికి మీ మాట నమ్మాం."

పిన్ని ధైర్యం చెప్పడానికే ఆ మాట అంది. అది నేరుగా గుండెల్లో దిగింది. మిగతావాటికి నమ్మారు. పధ్నాలుగేళ్ళు, ఏడాదికి యాభై రెండు గురువారాలు. ఒక్కటంటే ఒక్కటి దాస్తే, ఆ ఒక్కటీ బతికింది. దాచనివాటి సంగతేమిటి?

ఆదివారం ఇంట్లో కూడా అదే లెక్క. భర్త స్కూల్లో లెక్కల మాస్టారు. మధ్యాహ్నం పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఈవిడ చెప్పిందంతా విన్నాడు.

"ఒక్కదాన్ని చూసి మిగతావన్నీ తప్పంటే ఎలా? ఒక్క పేపర్లో తప్పు దిద్దానని అన్ని పేపర్లూ తప్పు దిద్దినట్టేనా?"

"మీరు తప్పు దిద్దితే పిల్లలు వచ్చి అడుగుతారు" అంది.

ఆయన పెన్ను మూసి, లేచి టీ పెట్టి తెచ్చాడు. ఆవిడ అది చల్లారేదాకా పట్టుకుని కూర్చుంది. ఈ గురువారాల పని మానేద్దామనుకుంది. మానేస్తే ఆ పని ఎవరి మీద పడుతుందో తెలిసి, మానేద్దామన్న మాట ఆయనతో అనలేదు. ఎవరూ చెయ్యకపోతే ఏమవుతుందో కూడా ఆవిడకి తెలుసు. వెన్ను విరిగిన కుక్క రెండు రోజులు అరిచి అరిచి పోవడం మొదటి ఏడాదే చూసింది.

సోమవారం నుంచి నాలుగో బోనులో ఆడకుక్కని ఎలాగైనా బతికించే పనిలో పడింది. దానికీ కిడ్నీలే. మామూలుగా అయితే ఆ బుధవారం దాని కార్డు మీద గీత పడేది. ఈసారి రెండు రకాల పరీక్షలు చేసింది, చిన్న డాక్టరు చెప్పిన మందులన్నీ వేసింది, రోజుకి రెండుసార్లు పక్కన కూర్చుని చేత్తో తినిపించబోయింది. అది ప్రతిసారీ మర్యాదగా మొహం పక్కకి తిప్పుకుంది. బుధవారానికి అంకెలు ముందుకన్నా పెరిగాయి. నోట్లో పుళ్ళు. నీళ్ళు తాగినా వాంతి.

సాయంత్రం రౌండ్స్‌కి ఆవిడ ఎన్నడూ లేనిది అందర్నీ పిలిచింది. నాలుగో బోను ముందు ఆరుగురూ నిలబడ్డారు. పరీక్ష కాగితాలు చదివి వినిపించి, "మీరేమంటారు? ఇకమీద ఏది జాబితాలోకి పోవాలో అందరం కలిసే చెబుదాం" అంది.

నర్సు గచ్చు చూస్తోంది. బోనుల దగ్గరి ఇద్దరూ బకెట్టు ఖాళీ చేసే నెపంతో జారుకున్నారు. చివరికి పిన్నే నోరు విప్పింది.

"మమ్మల్ని అడక్కండి డాక్టరమ్మా. మీరు చెప్తే మేం పట్టుకుంటాం. మేమే చెప్పి, మేమే పట్టుకుంటే, మర్నాడు ఈ గేటు దాటి లోపలికి రాలేం."

"నేను మళ్ళీ తప్పు చేస్తే?"

"చేస్తారు. మనిషే కదా."

"హెడ్మాస్టరు సంగతి అప్పుడే నాకు చెప్పి ఉండొచ్చు కదా పిన్నీ. అంత భయమా నేనంటే?"

పిన్ని ఆశ్చర్యంగా చూసింది.

"భయమెందుకు? ఆ రోజు మీ మొహం మీరు చూసుకున్నారా? ఆ లారీ వచ్చినప్పుడు. ఇంకొక్క మాట చెప్తే అక్కడే కూలబడేలా ఉన్నారు. మిమ్మల్ని చూసి జాలేసి చెప్పలేదు. అదొక్కటీ మేమే చూసుకుందాం అనుకున్నాం."

పెద్ద డాక్టరుకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకునే ఓపిక లేదు. కోటు చేతితో ముక్కు తుడుచుకుని, బోను తీసి, కుక్క పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంది. ఆ తర్వాత కార్డు తీసుకుని గీత గీసి సంతకం పెట్టింది.

"నన్నూ చూడనివ్వండి మేడమ్" అంది చిన్న డాక్టరు.

ఆ అమ్మాయి బోనులోకి దూరి మొదటినుంచీ మళ్ళీ చూసింది. నోరు, పొట్ట, చర్మం, కాగితాలు. తొందరపడలేదు. బయటికి వచ్చి, "అవును" అని, కార్డు అడిగి తీసుకుని, పెద్ద డాక్టరు సంతకం పక్కన తన సంతకం పెట్టడం మొదలుపెట్టింది. పెన్ను మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. పెదవి కొరుక్కుంది. మళ్ళీ రాసింది.

పధ్నాలుగేళ్ళుగా ఒంటరిగా పెట్టిన సంతకానికి ఇవాళ తోడు దొరికింది. కొంచెమైనా తేలికగా ఉంటుందనుకుంది పెద్ద డాక్టరు. ఉండలేదు. ఆ ఇరవయ్యారేళ్ళ చేతిలోంచి కార్డు లాగేసుకుని చింపేయాలనిపించింది. కానీ నిన్న కాక మొన్న ఆ అమ్మాయి చూసింది కాబట్టే ఒక కుక్క బతికింది. అందుకని సంతకం పూర్తయ్యేదాకా పక్కనే నిలబడి, కార్డు అందుకుని, "పద, ఐదో బోను చూద్దాం" అంది.