అమీనా తెచ్చిన చావు కబురు

నాయన పోయిన ఏడు వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది. గుంత తవ్వబోతే నేలలోకి గడ్డపార దిగలేదు. మా వాళ్లలో పెద్దలను సొంత చేన్లోనే పూడుస్తారు కాబట్టి, నాయన చివరిదాకా దున్నిన చెక్కలోనే ఆయన్ను పెట్టారు.

మా ముగ్గురిలో పెద్దదైన అక్క రాలేదు. ధర్మవరంలో మగ్గం నేసే మనిషిని ఇష్టపడి చేసుకుందని నాయన ఆమె పేరు ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. కబురంపుదామని నేనంటే, "యాడుండాదో ఏమో, ఎవురికి తెలుసు" అన్నాడు మా అన్న. మా ఊళ్లో అప్పటికే ఎస్టీడీ బూతు కూడా వచ్చేసింది. నాయన శవాన్ని ముందు పెట్టుకుని వాదించలేక ఊరుకున్నాను.

కర్మాంతరం అయ్యాక వీలునామా బయటికొచ్చింది. భూమంతా అన్నకే. కోర్టు దాన్ని ఒప్పుకోవాలంటే వారసులందరికీ నోటీసు పోవాలని కదిరిలో ప్లీడరు చెప్పాడు.

"అందరికీ ఎందుకు సార్?" అని అన్న గునిశాడు.

"ఒకరిని దాచిపెట్టినా రేపు కేసు నిలబడదప్పా."

అప్పుడు అన్న అక్క అడ్రసు చెప్పాడు. వీధి, ఇంటి గుర్తు, బావ పనిచేసే షెడ్డు, ఏదీ తడుముకోలేదు. పక్కనే కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది. పరాయి మనిషి ముందు కొంగు నలుపుకుంటూ కూర్చున్నాను.

వాయిదా నాడు కోర్టు వరండాలో అక్కను చూశాను. మనిషి సగమైపోయింది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"కోర్టు అమీనా కాయితం తెస్తే బ్యాంకోళ్లు జప్తుకొచ్చినారనుకొంటిమే. చనిపోయిన ఫలానా వారి కూతురని ఆయప్ప చదివినాడు. ఇంగ నాకేం వినపడలే. ట్యాంకరు నీళ్లు ఒక బిందె ఉంటే నెత్తిన పోసుకొంటి."

చావు కబురు చెవిన పడగానే తలస్నానం చేయాలి మాలో. ఆ పూట తాగే నీళ్లకు పక్కింట అడుక్కున్నారట.

అన్న వచ్చి, ఆమె ముఖం చూడకుండానే అన్నాడు. "సంతకం పెట్టుక్కా. చీర పెట్టి పంపిస్తాం."

మా దిక్కు చాలా ఇండ్లలో ఆడబిడ్డ వాటా ఆ చీరతోనే తెగిపోతుంది. నాకూ అలాగే పెట్టాడు, నేనూ తెచ్చుకున్నాను.

"చావుకు పిలవనోనివి సంతకానికి పిలిచినావు," అంది అక్క.

లోపల జడ్జిగారు ఏమైనా అభ్యంతరం ఉందా అని అడిగారు.

"ఉండాది సామీ. నాకు చేను వద్దు. మా నాయన పండుకున్న జాగా మటుకు నా పేరిట రాయమనండి. ఆడికి వస్తే నన్ను ఎవురూ పొమ్మనేదానికి ఉండకూడదు."

ప్లీడర్లు మాట్లాడుకుని ఆ చెక్క ఆమె పేరిట రాయించారు. అన్న దానికి సంతకం పెట్టాడు.

అప్పటినుంచి అక్క ఏడాదికోసారి వస్తుంది. బస్సు దిగి, మా పుట్టింటి ముందు నుంచే చేనికి నడుస్తుంది. అరుగు మీద కూర్చున్న అన్న, "నీళ్లు తాగి పోక్కా" అంటాడు. ఆమె ఆగదు. ధర్మవరం నుంచి సీసాలో తెచ్చుకున్న నీళ్లు సగం నాయన మీద పోసి, మిగిలినవి తాను తాగి, మళ్లీ బస్సెక్కుతుంది.