తోక కుచ్చుకి కాటుక

నా చిన్నప్పుడు దివిసీమలో మా ఇంటి కోడెకు పుట్టిన దూడ అంటే దాని వంశం గురించి ఎవరూ కాగితాలు అడిగేవారు కాదు. మా తాతయ్య నోటి మాట చాలు. తల్లి ఏది, తల్లికి తల్లి ఏది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎన్ని ఈతలు ఈనింది, అన్నీ వేళ్ళు మడుస్తూ చెప్పేవారు. ఒంగోలు జాతి పశువుల్ని పెంచడమంటే ఆయనకు ప్రాణం. అవనిగడ్డ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఆవు ఎదకొచ్చినా మా ఇంటికే తోలుకొచ్చేవాళ్ళు.

ఆయనకొక అలవాటుండేది. కోడెను చూడడానికి ఎవరొచ్చినా ముందు దాని లోపం చూపించేవారు. మూపురం, గంగడోలు, నడక, అవన్నీ ఆ తర్వాతే. మా నాయనమ్మ విసుక్కునేది. "వచ్చినవాడికి వంక మనమే అందించాలా? వాడికి కళ్ళు లేవా?" అనేది. తాతయ్య నవ్వేసి ఊరుకునేవారు. అలా చెప్పడం వల్లనే ఆయన మిగతా మాటలన్నీ జనం నమ్మేవారని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసేసరికి ఆ నమ్మకాన్ని నేనే పాడుచేసి కూర్చున్నాను.

ఆ కోడెను నేను ముత్యం అని పిలిచేదాన్ని. ఒళ్ళంతా తెలుపు, కళ్ళ చుట్టూ, మూతి మీద, గిట్టలకు మాత్రం నలుపు. నా చేతిలో ఉలవలు తింటూ పెరిగింది. దానికున్న లోపం ఒక్కటే. ఒంగోలు కోడెకు తోక చివరి కుచ్చు పూర్తిగా నల్లగా ఉండాలి. మా ముత్యానికి కుచ్చు లోపల చిటికెన వేలంత పాయ తెల్లగా ఉండేది. ఆ ఏడు బందరులో పశువుల ప్రదర్శన పెడుతున్నారని తెలిసిన రోజున మా బాబాయి అన్న మాట నా చెవిన పడింది. "ఆ నాలుగు తెల్ల వెంట్రుకలే లేకపోతే మొదటి బహుమతి మనదే" అన్నాడు. అంతే, ఆ నాలుగు వెంట్రుకల సంగతి నేను చూసుకుంటాననుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నేనూ వస్తానని ఏడ్చి గోల చేసి తాతయ్య వెంట బయలుదేరాను. మేమిద్దరం బండిలో, ముత్యం పక్కన మా పెద్దపాలేరు నడిచి. మా నాన్న పుట్టకముందు నుంచీ ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు ఆయన అంటున్నాను గానీ, అప్పుడు నా తాత వయసు మనిషిని నేనూ 'వాడు' అనేదాన్ని. రేవులో ముత్యం బల్లకట్టు ఎక్కనని మొరాయిస్తే, దాని చెవిలో ఏదో చెబుతూ ఆయనే ఎక్కించాడు. బందరు పొలిమేరలో ఒక తోటలో దిగాం.

తెల్లవారాక పెద్దపాలేరు ముత్యాన్ని కడిగి, ఒళ్ళు తుడిచి, కొమ్ములకు నూనె రాశాడు. తాతయ్య పేరు రాయించడానికి వెళ్ళారు. పెద్దపాలేరు గడ్డి తేవడానికి అటు వెళ్ళగానే, పరికిణీ కుచ్చెళ్ళలో దాచుకున్న నాయనమ్మ కాటుక బరిణె తీశాను. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసిన కాటుక అది. కొమ్ములకు నూనె రాస్తే తప్పులేనప్పుడు తోకకు కాటుక రాస్తే తప్పేమిటి? మా తమ్ముడి బుగ్గన రోజూ నల్లచుక్క పెట్టేవాళ్ళం, దాన్నెవరూ మోసం అనలేదు. ఇలా ఉండేది నా వాదన. తెల్లపాయకు మొదలు నుంచి చివరి దాకా మెత్తి, చేతులు ఇసకలో రుద్దుకుని, ఏమీ ఎరగనట్టు బండి కింద కూర్చున్నాను.

ప్రదర్శనలో పశువుల డాక్టరుగారొకాయన ఒక్కొక్క కోడె చుట్టూ తిరిగి చూస్తున్నారు. మా ముత్యం దగ్గర చాలాసేపు ఆగారు. పళ్ళు చూశారు, మూపురం మీద చెయ్యి వేశారు, నడిపించి చూశారు. ఆయన మొహంలో సంతోషం చూసి నాకు నేల మీద కాలు నిలవలేదు. "చాలా బాగుందండీ. లోపమేమన్నా ఉందా?" అని అడిగారు, ఊరికే అడిగినట్టుగా.

"ఉందండీ. తోక కుచ్చులో తెల్లపాయ ఉంది, చూడండి" అన్నారు మా తాతయ్య.

అయ్యో రాత! ఆయన అలవాటు నాకు తెలియనిదా? రోజూ చూస్తున్నదే. అయినా బహుమతి దగ్గర కూడా ఆయన అలాగే చెబుతారని నాకు తట్టనే లేదు. తాతయ్య కుచ్చు పట్టుకుని వేళ్ళతో విడదీశారు. తెల్లపాయ కనపడలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే అరచెయ్యంతా నలుపు. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. మా ఇంటి ఆముదం వాసన ఆయనకు తెలియకుండా ఉంటుందా.

చుట్టూ జనం మూగారు. డాక్టరుగారి మొహం మారిపోయింది. "ఎవరు చేశారండీ ఈ పని?" అన్నారు. తాతయ్య అరచేతి వంకే చూస్తున్నారు. ఈలోగా ఎవరో మా పెద్దపాలేరు కండువా పట్టుకుని గుంజారు. "వీడు కాక ఇంకెవడండీ? కోడె దగ్గరున్నది వీడే కదా!" అంటూ చెంప మీద ఒక్కటి కొట్టారు. పెద్దపాలేరు రెండు చేతులూ ఎత్తి చూపించాడు. శుభ్రంగా ఉన్నాయి. అప్పుడాయన చూపు నా పరికిణీ మీద పడింది. అంచున నల్లటి మరక ఉంది. ఆయన ఆ మరకనూ నన్నూ చూసి, తల దించేసుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

నేనూ అనలేదు. కుక్కిన పేనులా నిలబడ్డాను. నా కళ్ళ ముందే ఆ ముసలాయన నా బదులు దెబ్బ తింటుంటే చూస్తూ ఊరుకున్నాను.

"వాణ్ణి వదలండి. పూసింది నేనే" అన్నారు తాతయ్య.

"పూసినవాడివి నువ్వే చూపించావేంటయ్యా?" అని ఎవరో అడిగారు. జనం గొల్లుమన్నారు. తాతయ్య ముత్యం పగ్గం తనే పట్టుకుని బయటికి నడిచారు.

తిరుగు దారిలో తాతయ్య నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేది. రేవు దగ్గర ముత్యాన్ని నీళ్ళలోకి దింపి, నా చేతిలో కుంకుడుకాయలు పెట్టారు. "తెల్లవి కనపడేదాకా కడుగమ్మా" అన్నారు. ఏడుస్తూ కడిగాను. కాటుక అంత తేలిగ్గా పోతుందా? వేళ్ళు నానిపోయాక తెల్లపాయ బయటపడింది. తాతయ్య వంగి చూసి, నెమ్మదిగా అన్నారు. "నా సంగతి వదిలెయ్. దెబ్బ తిన్నది వాడు. వెళ్ళి వాడికి చెప్పు."

పెద్దపాలేరు పది బారల దూరంలో బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళలేదు. పాలేరు దగ్గరికి వెళ్ళి నేను తప్పు చేశానని చెప్పడమా? సిగ్గేసింది. దేనికి సిగ్గుపడాలో దానికి కాక, చెప్పడానికి సిగ్గుపడ్డాను. రేపు చెబుతానని తాతయ్యతో అన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు.

ఆ తర్వాత ఆవుల్ని తోలుకొచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చినవాళ్ళు కూడా తాతయ్య లోపం చూపించబోతే, "ఉన్నది చూపిస్తున్నారా, పూసింది చూపిస్తున్నారా మావయ్యా?" అని వేళాకోళమాడేవాళ్ళు. తాతయ్య వేళ్ళు మడుస్తూ వంశం చెబుతుంటే దిక్కులు చూసేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆయనే చెప్పడం మానేశారు. అయినా ఎవరొచ్చినా ఆ తెల్లపాయ చూపించడం మాత్రం మానలేదు.

పెద్దపాలేరు ఆ మరక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎప్పటిలా నన్ను "పాపగారూ" అనే పిలిచేవాడు. రెండేళ్ళకు జబ్బుపడి, పాలకాయతిప్ప వైపు ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు కొట్టంలోకి వచ్చి ముత్యం మెడ నిమిరి, నాకేసి చూసి, "పాపగారూ, ఉలవలు నానబెట్టి పెట్టండి, మర్చిపోకండి" అన్నాడు. చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని నాకు తెలుసు. సరేనన్నాను, అంతే. మళ్ళీ ఆయన్ని చూడలేదు.

పిల్లల పెళ్ళి సంబంధాల్లో గానీ, పాడిగేదె అమ్మేటప్పుడు గానీ ముందు లోపం చెప్పేదాన్నని నాకు మంచి పేరుంది. తాతగారి పోలిక వచ్చిందని అందరూ మెచ్చుకుంటుంటే తలెత్తలేకపోతాను. రేవు దగ్గర నుంచి బండి చక్రం దాకా పది బారలు. డెబ్బై ఏళ్ళు దాటినా నేనింకా ఇవతలే నిలబడి ఉన్నాను.