మాట దారిలో ఉంది

సెలూన్ తాత కత్తెర పదును గురించి ఆ వీధిలో ఒక మాట ఉంది. అద్దం మీద వాలబోయిన ఈగ ఒకటి ఆ కత్తెరకి అడ్డొచ్చి రెండు ముక్కలైందట. ఆ సంగతి తనకే తెలియక ఇంకో రెండు చుట్లు తిరిగి మరీ కింద పడిందట. నమ్మకపోతే మీ ఇష్టం. కానీ ఇది మాత్రం నమ్మాల్సిందే: భూమ్మీద ఉన్న సెలూన్లన్నిటిలోనూ గడ్డం గీసేటప్పుడు కబుర్లు చెప్పనివాడు ఆయనొక్కడే.

కారణం నత్తి. వాళ్ళ నాన్నకుండేది, ఆ నాన్న మేనత్తకుండేది. గరిటెలాంటి ముక్కుతో పాటు దాన్నీ మూటగట్టి ఈయన చేతిలో పెట్టారు. కూతురికి ముక్కు వచ్చింది గానీ నత్తి రాలేదు. మందుల షాపులో కౌంటరు వెనక నిలబడి, నోరు తిరగని మందుల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది.

నత్తితో తాతకి పెద్ద పేచీ లేదు. పేచీ అంతా జనం చేసే సాయంతోనే. ఆయన ఒక అక్షరం దగ్గర ఆగితే చాలు, ఎవరో ఒకరు ఉత్సాహంగా ఆ మాట పూర్తి చేసి పారేసేవారు. అది కాదయ్యా అని చెప్పాలంటే మళ్ళీ నాలుగు మాటలు కావాలి. ఎందుకొచ్చిన గొడవలే అని తలూపేసేవాడు. ఆ తలూపుడు వల్ల ఆయనకి లేని అభిప్రాయాలన్నీ ఊళ్ళో ఆయన పేరు మీదే చలామణి అయ్యేవి.

పెళ్ళి కూడా అలాగే కుదిరింది. సంబంధం మాట్లాడటానికి వెళ్ళినచోట గొంతు ఎండిపోయి "మం... మం..." అన్నాడు. "మంచి పిల్ల అంటున్నాడోయ్!" అని పెద్దలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలోంచి పిల్ల లేచి లోపలికెళ్ళి, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కాపురమంతా ఆ గ్లాసు మీదే నడిచింది. ఆమె ఉన్నన్నాళ్ళూ మాట వచ్చేదాకా ఆగేది, ఆ కాసేపూ ఆయన మొహంలోకే చూసేది.

ఆమె పోయాక ఇంట్లోకి పిట్టలొచ్చాయి. కెనరీ పిట్టలు. కింద సెలూన్లో అద్దాల పైన వరసగా పంజరాలు. తాత ఈల వేస్తే అవి పాడేవి. ఈలకి నత్తి ఉండదు మరి! ఏ జంటని కలిపితే ఈక నారింజ రంగుకి తిరుగుతుందో, ఏ రక్తం కలిస్తే గొంతు నిలబడుతుందో ఆయనకి బాగా తెలుసు. "మా తాత పిట్ట పాడితే ఎదురింట్లో పాలు విరగడం మానేశాయి" అని రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన అందరికీ చెప్పేవాడు. రోజూ గడ్డం గీయించుకోవడానికి వచ్చేది ఈ డ్రైవరే. ఆయన గడ్డం రోజూ పెరిగేది కాదు, పాపం, ఊసుపోక వచ్చేవాడు.

అలాంటి సెలూన్లో ఒక మగపిట్ట పాట మధ్యలో ఇరుక్కోవడం మొదలుపెట్టింది. చక్కగా ఎత్తుకుని, ఒకచోట ఆగిపోయి టి-టి-టి-టి అని ఆ ముక్కనే కొట్టేది.

"నీ నత్తి పిట్టకి కూడా అంటించావు కదయ్యా!" అన్నాడు డ్రైవరు. సెలూన్ అంతా నవ్వింది. తాత కూడా నవ్వాడు.

పిట్టలు కొనడానికి వచ్చిన వ్యాపారి మాత్రం నవ్వలేదు. "ఈ గొంతుని ఇక్కడితో ఆపెయ్ పెద్దాయనా. దీనికి జత కట్టకు. లోపమున్న రక్తాన్ని పెంచుకుంటూ పోతే రేపు నీ పంజరాలన్నీ ఇలాగే ఏడుస్తాయి."

అప్పటికే ఆ పిట్టకి ఒక పిల్ల ఉంది. అది తండ్రి పాట వినకుండా ఉంటే ఆ తప్పు నేర్చుకోదు కదా అనుకుని, సొంతంగా తినడం రాగానే తాత దాన్ని మేడమీద సామాన్ల గదిలోకి మార్చేశాడు. మంచి గింజలు, శుభ్రమైన నీళ్ళు, కిటికీలోంచి ఎండ. అన్నీ ఉన్నాయి, పాట తప్ప.

ఆ తర్వాత కొన్ని నెలలకి, ఒక ఉదయం, మనవరాలు గ్లాసు పట్టుకుని వచ్చి "తా... తా... తాతా, పా... పాలు" అంది.

మనవరాలికి ఇంకా అయిదేళ్ళు నిండలేదు. ఒకచోట కుదురుగా ఉండదు కాబట్టి అందరూ ఉడుత అంటారు. ముక్కు సంగతి చెప్పక్కర్లేదు. తాత కడుపునిండా మాట్లాడేది ఆ ఒక్క పిల్లతోనే. సాయంత్రం షట్టరు సగం దించి, కుర్చీలో ఎక్కించుకుని, తను గీసిన గడ్డాల గురించి ఆకాశమంత కోతలు కోసేవాడు. నత్తితోనే కోసేవాడు.

కూతురు ఉడుతని డాక్టరమ్మకి చూపించుకొచ్చింది.

"ఏ... ఏమంది?"

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది నాన్నా. ఆ తర్వాత..."

తర్వాతది తాత వినలేదు. మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి కోతలు బంద్. ఉడుత వస్తే నవ్వుతాడు, జుట్టు దువ్వుతాడు, తల ఊపుతాడు. మాట్లాడడు. "తాతా, క... కథ" అంటే పెదాల మీద వేలు పెట్టుకుంటాడు. రెండ్రోజులు అలిగింది, మూడోరోజు అడగడం మానేసింది.

ఒకరోజు కూతురు బడి నుంచి ఉడుతని తీసుకొచ్చి పైన పడుకోబెట్టి, సెలూన్లోకి వచ్చి కూలబడింది.

"బళ్ళో నోరు విప్పట్లేదట నాన్నా. ఏం అడిగినా ఇదిగో, ఇలా" అని గడ్డం కాస్త పక్కకి తిప్పి, కళ్ళు సగం మూసి, తలూపి చూపించింది. అద్దంలో తాతకి తన మొహమే కనబడింది. "మాట్లాడవేం తల్లీ అంటే పెదాల మీద వేలు పెట్టుకుందట. ఎక్కడ చూసిందో ఏమో."

 తాత గింజల డబ్బా తీసుకుని సామాన్ల గదికి వెళ్ళాడు. పిట్ట బాగా ఎదిగింది. ఈపాటికి పాడాలి. ఆయన్ని చూసి గొంతు ఉబ్బించింది. "చిక్" అంది. మళ్ళీ ఉబ్బించింది. "చిక్." తండ్రి తప్పు దానికి రాలేదు. అసలేమీ రాలేదు. తాత మెల్లగా ఈల వేశాడు. అది జరిగి జరిగి, ఆయనకి దగ్గరగా ఉన్న కమ్మీల దాకా వచ్చి తల వంచి వినసాగింది. దాహమేసినవాడు నీళ్ళ కోసం వంగినట్టు.

ఆయన పాత పెట్టె మీద కూర్చుండిపోయాడు. ఇక్కడితో ఆపెయ్ అని వ్యాపారి అన్న మాట గుర్తొచ్చింది. అదే మాట ఎవరైనా తన నాన్నతో అని ఉంటే? తను లేడు, ఆ మంచినీళ్ళ గ్లాసు లేదు. మందుల పేర్లు గడగడా చదివే కూతురు లేదు. ఉడుత లేదు.

వెనకాలే వచ్చిన కూతురు పంజరంలోకి చూసింది. "దీన్నెందుకు ఇక్కడ పెట్టావు?"

"వా... వాళ్ళ నాన్న నత్తి అం... అంటుకుంటుందని."

కూతురు కాసేపు పిట్టనీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. "అయ్యో నా పిచ్చి నాన్నా! నువ్వు ఉడుతతో మాట్లాడటం మానేసింది ఇందుకా?" పక్కనే చతికిలబడింది. "డాక్టరమ్మ చెప్పింది సగం విని దిగిపోయావు. మిగతాది విను. ఇది చెవుల్లోంచి ఎక్కేది కాదట. కొన్ని ఇళ్ళల్లో పుట్టుకలోనే ఉంటుందట. చాలామంది పిల్లలకి దానంతటదే పోతుందట, పోకపోతే ఏం చెయ్యాలో వాళ్ళే నేర్పిస్తారట. మనం చెయ్యాల్సింది తొందరపెట్టకుండా, మాట అందించకుండా, దాంతో బాగా మాట్లాడటమే. నీ ముక్కు కూడా వచ్చింది కదా దానికి, చెక్కించేస్తున్నామా?"

"ము... ముక్కు బానే ఉందిగా."

"అదే నేనూ అంటున్నా. నత్తి నీ దగ్గర నేర్చుకోలేదు నాన్నా. నోరు మూసుకోవడం నేర్చుకుంది."

మర్నాడు ఆదివారం. తాత పిల్లపిట్ట పంజరాన్ని కిందికి తెచ్చి తండ్రి పంజరం పక్కనే తగిలించాడు. పెద్దది ఎత్తుకుంది, ఇరుక్కుంది, టి-టి-టి-టి అంది, మళ్ళీ దారిన పడింది. చిన్నది కదలకుండా వింటోంది. బల్ల మీద కాళ్ళూపుకుంటూ ఉడుత, కుర్చీలో నురుగు మొహంతో డ్రైవరు.

తాత కత్తి కింద పెట్టి మనవరాలి వైపు తిరిగాడు. "ఒ... ఒకాయన మీసం ఎం... ఎంత పెద్దదో తెలుసా? దు... దువ్వుతుంటే లోపల్నించి ఏదో క... కదిలింది."

ఉడుత కాళ్ళూపడం ఆపేసింది. తాత పెదాల వంకే చూసింది. చాలాసేపటికి నోరు తెరిచింది. "ఏ... ఏంటి?"

"గు... గు... గు..."

"గుడ్లగూబ!" అని అరిచాడు డ్రైవరు, నురుగు ఎగిరి అద్దం మీద పడేలా.

ఉడుత ఆయన వైపు తిరిగి కళ్ళెర్రజేసింది. "ఆ... ఆగు! తాత మాట దా... దారిలో ఉంది."

డ్రైవరు ఆగాడు. సెలూన్ మొత్తం ఆగింది. ఉడుత ఆ కాసేపూ తాత మొహంలోకే చూస్తూ కూర్చుంది, అచ్చం వాళ్ళ అమ్మమ్మలా.

"గు... గుర్రం" అన్నాడు తాత.