దేవేందర్ చెవి

దేవేందర్ ఒక చోట కూర్చోవడం నేను చూడలేదు. టిఫిన్ డబ్బా ఒక చేత్తో పట్టుకుని, మా కచేరీ హాలు వెనక మెట్ల మీద తిరుగుతూనే అన్నం తినేవాడు. "నీ కాలు నిలవదా అన్నా?" అంటే "కూసుంటె మనసున పడ్తలేదు చెల్లె" అనేవాడు. ఊరు మెట్‌పల్లి దగ్గర. పదిహేడేళ్లుగా దుబాయ్‌లో ఏసీ మెకానిక్, బస అల్ ఖూజ్ కార్మికుల క్యాంపులో. నాది రాజమండ్రి. ఆ దుబాయ్ హాలుకు వచ్చే కళాకారుల అవసరాలు చూడటం నా ఉద్యోగం, అంటే వాళ్ల సణుగుడంతా జీతం తీసుకుని వినడం.

అందరికంటే ఎక్కువ సణిగేది తొమోకో హయసె అనే జపాన్ ఆవిడ. నాలుగో ఏటనే పియానో ముందు కూర్చోబెట్టారట. ఇరవై రెండుకు యూరప్‌లో బహుమతులు, ముప్పై దాటేసరికి ఏడాదికి వంద కచేరీలు. నలభైలో కుడిచేతి చివరి రెండు వేళ్లు వాటంతటవే ముడుచుకుపోవడం మొదలైంది. ఇంకొకరైతే పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సరిపెట్టుకునేవారు. ఈవిడ ఆర్కెస్ట్రా నడిపించడం నేర్చుకుంది. వేళ్లు కాస్త తేరుకున్నాక రెండూ కలిపేసింది. పియానో మూత తీయించి, జనానికి వీపు పెట్టి కూర్చుని, తను వాయిస్తూనే తల ఊపుతో, దొరికిన చేత్తో నలభై మందిని నడిపించేది.

2021 నవంబరులో మొదటిసారి మా హాలుకు వచ్చింది. మాస్కులు ఇంకా పోలేదు. రిహార్సల్ మొదలై పది నిమిషాలు కాలేదు, ఆపేసింది. ఏదో మోగుతోందంది. మాకెవరికీ వినపడలేదు. ఇంజనీర్లు మీటర్లు పెట్టి చూసి అంతా బాగానే ఉందన్నారు. ఆవిడ మాత్రం వాయించనని భీష్మించుకుంది. చివరికి ఏసీ కాంట్రాక్టు కంపెనీ మేనేజరు, వాళ్లంతా ముదీర్ అనే పెద్దమనిషి, దేవేందర్‌ని పంపాడు. అతను వేదిక చివర చెవి ఒగ్గి, "ఉన్నది చెల్లె, ఆమె చెప్పేది నిజమే" అన్నాడు. పైకి వెళ్లి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఒక్కో బ్లోయర్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. మూడోదాని బేరింగ్ అరిగింది. అది మార్చగానే ఆవిడ ముఖం విప్పారింది. లేచి వచ్చి నడుం వంచి అతనికి నమస్కరించింది. ఆవిడ తాగే టీ కోసం ఊరంతా గాలించిన నాకు మాత్రం చిన్న తలూపు కూడా దక్కలేదు.

అప్పటినుంచి ఏటా వచ్చే ముందు హోటల్ గురించి కాదు, 'దేవ్-సాన్' ఉన్నాడా అని రాసేది. 'సాన్' అంటే మన 'గారు' లాంటిదట. క్యాంపులో ఒక గదికి ఎనిమిది మంది, అక్కడ అతన్ని గారు అన్నవాళ్లెవరూ లేరు.

2024 వేసవిలో ఒకరోజు డేరా అనే పాత పేటలో డాక్టరుకు చూపించుకుని నేరుగా నా దగ్గరికొచ్చాడు. ఏళ్ల తరబడి మోటార్ల మధ్య పనిచేసిన ఫలితం. "ఎడమ చెవు పోయింది చెల్లె. కుడిది సగమే. రాత్రంత లోపల గుయ్యిమంటది. ముదీర్‌కు తెలిస్తె టికెట్ చేతుల వెట్టి పంపుతడు. బిడ్డ నర్సింగ్ ఇంక రెండేండ్లున్నది. ఎవలకు జెప్పకు." చెప్పనన్నాను. చెప్పలేదు కూడా.

ఆ నవంబరులో హయసె చిక్కిపోయి వచ్చింది. కుర్చీలో కుదురు లేదు. రెండో పేజీ దగ్గరే ఆపి, "అదే మోత" అంది. దేవేందర్ పైకి వెళ్లి గంట తర్వాత చెమటలు కక్కుతూ దిగాడు. "మిషన్ మంచిగున్నదా, నా చెవుకే వినవస్తలేదా, సమజైతలేదు చెల్లె." రెండు రోజుల్లో నాలుగు బేరింగులూ, బెల్టులూ మార్చేశాడు. అయినా ఉందంది. కచేరీ మర్నాడే. "ఏమైంది నీకు? ముసలాడివయ్యావా?" అని ముదీర్ అందరి ముందూ హిందీలో కసిరాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం దేవేందర్ చెప్పాపెట్టకుండా హాలు ఏసీ మొత్తం ఆపేసి కిందికి వచ్చాడు. "ఇప్పుడున్నదా అడుగు."

అడిగాను. "ఉంది. ఇంకా గట్టిగా ఉంది" అంది ఆవిడ.

ముదీర్ నా పక్కనే ఉన్నాడు. అతనికి తెలుగు రాదు, ఇంగ్లీషు వచ్చు. దేవేందర్ ఆవిడనే చూస్తూ నాతో అన్నాడు: "మిషన్లన్ని బంద్ వెట్టిన. గా మోత ఆమె చెవులల్లనే ఉన్నది. నా చెవులు గూడ గట్లనే అయినయని జెప్పు. భయపడద్దను."

మోత ఆవిడ చెవుల్లోనే ఉందన్న ముక్క మాత్రమే ఇంగ్లీషులో చెప్పి ఆగిపోయాను.

ఆవిడ ఎదుటి పేజీలు మూసేసింది. వయొలిన్ల వాళ్లు తలలు దించుకున్నారు. యాభై ఏళ్లుగా ఆ చెవుల మీదే బతికిన మనిషి.

"నాదెందుకు జెప్పలే?" అన్నాడు దేవేందర్.

"నోరు మూసుకో అన్నా, నీ ముదీర్ ఇక్కడే ఉన్నాడు" అన్నాను పళ్ల బిగువున.

వినలేదు. గ్రీజు బూట్లతోనే వేదిక ఎక్కి ఆవిడ ఎదురుగా నిలబడి, తన చెవి పట్టుకుని చూపించాడు. "మేడమ్, మై ఇయర్ ఆల్సో ఖలాస్. లెఫ్ట్ ఫుల్. రైట్ హాఫ్."

ఆవిడ అతని కుడిచెవి వైపు వంగింది. "రాత్రిళ్లు నిద్ర పడుతుందా?" అని అడిగింది.

"నో మేడమ్."

"నాకూ లేదు" అంది. ఇద్దరూ నవ్వారు. అక్కడున్న ఇంకెవరికీ నవ్వు రాలేదు. మర్నాడు ఆవిడ చివరి దాకా ఆపకుండా వాయించింది.

వారం తిరక్కుండానే ముదీర్ అతనికి చెవి పరీక్ష చేయించి, వీసా రద్దు చేయించాడు. నాకు ముదీర్ మీద కంటే దేవేందర్ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి, సామాను తూకం వేయించుకుంటున్న వాడిని, కాస్త వినపడే కుడివైపునుంచి, కడిగేశాను. అంత కాపాడాను కదా, బిడ్డ చదువు ఏం కావాలి, ఆవిడ నీకేమవుతుంది అన్నాను.

"నువ్వు ఆమె సంగతొక్కటే జెప్పి ఊకున్నవు చెల్లె" అన్నాడు. "గంతమంది నడుమ ఆమెనొక్కదాన్నే బద్నాం జేసి, నేను మంచిగున్నట్టు ఎట్ల నిలవడాలె?"